నిజాయితీగల సాక్షి తప్పు చెప్పగలడా?

కపటము లేని మనస్సుతో పలికిన మాట, కపటము లేనందుననే సత్యమగునా? ఈ ప్రశ్నను ఈ మాసము ఒక చిన్న యంత్రము నొద్ద నిలిపి విచారింతము.

అద్దముగల డిజిటల్ కెమెరా తనంతట తానే దృష్టిని కుదుర్చుకొనును. దీనిని ఆటోఫోకస్ అందురు. కటకముగుండ వచ్చిన వెలుగులో కొంత, లోపలి చిన్న అద్దముచేత క్రిందికి మళ్లింపబడి, దృష్టిని కొలుచు భాగమును చేరును. ఫోటో పడునది మాత్రము వేరొక ఫలకముమీద. ఈ రెండు దారుల పొడవులో వెంట్రుకవాసి తేడా యున్నను, కొలుచు భాగము కుదిరినదని బీప్ మనును. ఫోటోలోనో ముదుసలి తల్లి కన్ను మసకయై, చెవి స్పష్టముగా నుండును. పెండ్లినాటి ఫోటోను మరల తీయగలమా? ఆ తల్లి మరుసటి యేట ఉండకపోవచ్చును గదా!

కెమెరా అబద్ధమాడినదా? లేదు, తనకు కనబడినదే చెప్పినది. అయినను నష్టము నష్టమే. "మేము మనఃపూర్వకముగానే తీర్పు చెప్పితిమి" అనుట చాలదని దీనివలన తెలియుచున్నది.

2007లో కానన్, నికాన్ సంస్థలు ఈ దోషమును ఇంటనే దిద్దుకొను ఏర్పాటును కొన్ని కెమెరాలలో ఉంచినవి. కెమెరాను మూడుకాళ్ల స్టాండుపై కదలకుండ నిలిపి, ఎదుట నిట్టనిలువుగా ఒక గురి అట్టను, దాని ప్రక్కన ఏటవాలుగా ఒక స్కేలును ఉంచవలెను. 50 మిల్లీమీటర్ల కటకమునకు రెండున్నర మీటర్ల దూరము తగును. మంచి వెలుగులో, కటకపు ద్వారమును పూర్తిగా తెరచి, ప్రతిసారి దృష్టిని చెరిపి మరల కుదిర్చి, పలుమారులు తీయవలెను. స్కేలుమీద ఏ అంకె స్పష్టముగా పడినదో చూచి, మైనస్ 20 మొదలు ప్లస్ 20 వరకు గల అంకెలలో తగినది ఎన్నుకొని, మరల పరీక్షింపవలెను.

ఇందు మూడు సంగతులు గమనింపదగినవి. మొదటిది, ఒక్క ఫోటోను చూచి దోషము నిర్ణయింపరాదు. తప్పు ఒక్కొక్కమారు ఒక్కొక్క ప్రక్కకు పోయినచో ఏ అంకెయు దానిని దిద్దజాలదు. ఎల్లప్పుడు ఒకే ప్రక్కకు ఒరిగినచో దిద్దవచ్చును. రెండవది, ఒక కటకమునకు సరిపోయిన అంకె మరియొక దానికి సరిపోకపోవచ్చును. అట్లే, బంధువు విషయములో చక్కగా చూచు మన కన్ను, కూలివాని విషయములో ప్రక్కకు పోవచ్చును. మూడవది, ఈ పద్ధతిలో కెమెరా తన తప్పును తాను కనుగొనలేదు. వెలుపల ఒక స్కేలు కావలెను.

అద్దము లేని క్రొత్త కెమెరాలు ఫోటో పడు ఫలకముమీదనే కొలుచును గనుక, వాటికి సాధారణముగా ఈ దిద్దుబాటు అక్కరలేదు. మన సంగతి అట్టిది కాదు. తీర్పు మన యింట పుట్టును, దాని ఫలము పొరుగువాని యింట పడును. కాబట్టి మన స్కేలు ఆ యింటనే యున్నది. మన మాటవలన నొచ్చినవానిని అడుగుదము. ఒకనిని మాత్రమే కాదు, పలువురిని అడుగుదము. వారందరు ఒకే ప్రక్కను చూపినయెడల, కోపగింపక దిద్దుకొందము.