పిండికోడియు పాత్రలోని కణమును

పాఠము ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి, "జన్యువు పని తెలియుటకు ప్రాణిని చంపవలెనా, అయ్యా?" యని మమ్మడిగెను. నాడు తగిన యుత్తరము చెప్పజాలకపోతిమి.

పందుల నంటు పి.ఆర్.ఆర్.ఎస్. వైరసును తీసికొందము. శరీరమును కాపాడు భక్షకకణములలోనే యది చొచ్చి పెరుగును. సీడీ 163 అను మాంసకృత్తు దానికి వాకిలి. ఇట్టివి పరీక్షించుటకు చంపిన పందుల ఊపిరితిత్తులను కడిగి కణములను తీయుట వాడుక. అవి పాత్రలో చిరకాలము నిలువవు. వానిలో జన్యువును మార్చుటయు కష్టము. 2022లో స్కాట్లండునందలి రోస్లిన్ సంస్థ పరిశోధకులు పంది మూలకణములనుండి భక్షకకణములను పెంచు మార్గమును ప్రకటించిరి. మూలకణము తఱుగని విత్తు. జన్యువును దానియందొకసారి మార్చినచో, దానినుండి పుట్టు కణములన్నియు ఆ మార్పుతోనే పుట్టును.

ఇది చదివినపుడు మాకు పిండికోడి జ్ఞప్తికి వచ్చెను. వేములవాడ చాళుక్యుల యేలుబడిలో, గంగాధరమున, సోమదేవసూరి 959లో ముగించిన యశస్తిలకమున యశోధరుడు తల్లి మాట కాదనలేక పిండికోడిని బలియిచ్చును; దానికే తల్లియు కొడుకును పశుజన్మల పాలగుదురు. కోడి పిండిదైనను చంపు తలపు నిజమని జైనుల తీర్పు. మధ్వాచార్యుల సంప్రదాయమువారికి పిష్టపశువే ధర్మము.

పాత్రలోని కణము పిండికోడియేనా? కాదని మా యభిప్రాయము. యశోధరుని పూజకు చంపుటయే ప్రధానము; పిండి దానికి మఱుగు మాత్రమే. పరిశోధకునకు కావలసినది ఎఱుక. చావు లేకయే యది దొరకెనేని చంపుటకు హేతువే మిగులదు. మఱియు పిండి కోడినిగూర్చి యేమియు చెప్పజాలదు; ఈ కణము పందినిగూర్చి కొంత నిజము చెప్పును.

కొంతయే. ఈ వ్యాధి చూలుపందులకు గర్భస్రావము కలిగించును. ఆ సంగతి పాత్రలో కానరాదు. కావున తుదకు కొన్ని ప్రాణులనైన ముట్టక తప్పదు. అయినను పది జన్యువులను పాత్రలో వడపోసి ఒక్కదానికై పందిని ముట్టుట వేఱు, పదింటికిని ముట్టుట వేఱు. "లెక్క తగ్గిన పాపము తగ్గునా?" యని మా సహోపాధ్యాయు లొకరు ఎకసక్కెమాడిరి. చచ్చెడి పందికి ఆ లెక్క పట్టదు, నిజమే. చావక మిగిలిన వానికి పట్టును.

పాత్రయు నిర్దోషము కాదు. మూలకణములకును ఎక్కడనో యొక ప్రాణియే మొదలు. కణములను పెంచు ద్రవమున ఆవు గర్భమునందలి పిండము నెత్తుటినుండి తీసిన సీరమును కలుపుట ప్రయోగశాలలలో విరివిగ నున్న వాడుక. దీనిని దాచి, హింస తొలగినదని చాటుటయే మాకు పిండికోడివలె తోచును.

ఈ మాటలన్నియు ఆ బాలునితో చెప్పితిమి. వ్యాధి సోకని ఆ పంది తుదకు ఎచ్చటికి పోవునని అతడింకను అడుగలేదు.