పాటలోని పాపము ఎక్కడ నున్నది?

సూరత్ నగరమున తాపీనదికి ఉత్తరముగా కోసాడ్ అను ప్రాంతము కలదు. మురికివాడలనుండి తరలింపబడిన వేలాది కుటుంబములకు నగరపాలక సంస్థ అక్కడ ఇండ్లు కట్టించెను. ఆ నగరపు మరమగ్గములపై పని చేయుటకు తెలంగాణమునుండి పద్మశాలీలు తరతరములుగా వలస పోయిరి. కోసాడ్‌లో అట్టి ఒక తెలుగు క్రైస్తవ గృహమును ఊహించుడి. పండ్రెండు గంటలు మగ్గముచెంత నిలిచిన తండ్రి ఇల్లు చేరును. కుమారుడు ఫోనులో లిటిల్ రిచర్డు పాడిన ‘లాంగ్ టాల్ సాలీ’ వినుచుండును. “అది సాతాను పాట, ఆపుము నాయనా” అని తండ్రి గద్దించును. ఆ గద్దింపు భక్తినుండి పుట్టినదే. అయితే ఆ పాటలో పాపము ఎక్కడ నున్నది?

బాణీలో నున్నదా? పురుషోత్తమ చౌదరి (1803–1890) దేశీయ రాగములలో క్రీస్తును కీర్తించెను. తెలుగు సంఘము ఆ కీర్తనలను నేటికిని పాడుచున్నది. రాగము తనంతట తాను అపవిత్రము కాదని సంఘము ఏనాడో గ్రహించెను. లిటిల్ రిచర్డు, అనగా రిచర్డు పెన్నిమన్, 1932లో అమెరికాలోని మేకన్ పట్టణమున పుట్టి, ఆరాధన మందిరములలో పాడుచు పెరిగెను. ఆయన పాటలకు పేరు తెచ్చిన ఆ కేక సువార్త గాయని మేరియన్ విలియమ్స్ యొద్దనుండి వచ్చినదే. సంఘము భయపడిన ఆ ధ్వని సంఘములోనే పుట్టినది.

మాటలలో నున్నదా? ‘టూటీ ఫ్రూటీ’ మొదట అసభ్యమైన పాట. 1955 సెప్టెంబరులో న్యూ ఆర్లియన్సులో రికార్డు చేయునపుడు డొరతీ లాబోస్ట్రీ దానికి వేరు మాటలు కూర్చెను. అయినను ఆ పాటలు దేహాభిలాషను ఉల్లాసముగా పాడినవే గనుక తండ్రి భయము నిరాధారము కాదు. గాయకుడును అట్లే భయపడెను. 1957 అక్టోబరులో, కీర్తి శిఖరమున నుండగా, ఆస్ట్రేలియా యాత్రలో ఆ పాటలను విడిచి, ఓక్‌వుడ్ కళాశాలలో వేదాధ్యయనమునకు చేరెను. 1962లో మరల పాత పాటలకు వచ్చెను. 1977లో మరల విడిచెను. 2020లో మరణించువరకు ఆ పెనుగులాట తీరలేదు. దానిని పరిహసించువాడు తన హృదయమును ఎరుగనివాడు.

అయితే బోధకులు గద్దించని పాపము మరియొకటి కలదు. ‘టూటీ ఫ్రూటీ’ ప్రచురణ హక్కు స్వల్పమైన సొమ్ముకే గాయకుని చేజారెను. అదే పాటను శ్వేతజాతీయుడైన పాట్ బూన్ పాడగా, పాప్ జాబితాలో ఆ రికార్డు మూలగాయకుని రికార్డును మించెను. బూన్ భక్తిపరుడని పేరుపొందినవాడు; ఆయన చేసినది నాటి చట్టమునకు విరుద్ధము కాదు. రావలసిన వాటాలకై రిచర్డు 1984లో దావా వేయవలసివచ్చెను. తరువాత రాజీ కుదిరెను. నల్లవాని కేకను ఖండించిన ప్రసంగములు అనేకములు. అతని కూలిని గూర్చిన ప్రసంగములు అరుదు. బిగబట్టిన కూలియే దేవుని యెదుట కేక వేయునని యాకోబు తన పత్రిక ఐదవ అధ్యాయమున హెచ్చరించెను. ఏ కేక దేవుని చెవిని చేరునో సంఘము తరచుగా మరచిపోవును.

కోసాడ్‌లోని ఆ తండ్రికి ఈ సంగతి ఎవరును బోధింపనక్కరలేదు. అతడు మీటరు లెక్కన కూలి పొందును. అతడు నేసిన బట్టపై వ్యాపారి ముద్ర పడును. పాటను వడపోయుట సులభము, ఏలయనగా దానికి ఖర్చు లేదు. కూలిని సరిచూచుట కష్టము, ఏలయనగా కూలి నిలిపినవాడు ఆదివారమున ముందు వరుసలోనే కూర్చుండవచ్చును. ధ్వనికి ఉలిక్కిపడి అన్యాయమునకు నిద్రించు మనస్సాక్షి సగమే మేల్కొన్నది.

పాట విషయములో కుమారుని హెచ్చరించుట తండ్రి ధర్మమే. దానిని అతడు మానరాదు. అయితే గద్దించుటకు ముందు అతడు కుమారుని ప్రక్కన కూర్చుండి, “దీనిని పాడినవానికి కూలి ముట్టినదా?” అని అడిగిన యెడల, ఆ రాత్రి ఆ ఇంటిలో పాటను గూర్చియు, మగ్గమును గూర్చియు ఒకే ప్రార్థన లేచును.