పండ్లమ్మ బుట్ట, ఉదయగిరి చెక్క స్పూను: పిల్లల ముందు బేరం ఆడొచ్చా?

 

ఈ వారం వీడియోలో బాలకృష్ణుడు పండ్లు కొన్న కథ చెప్పుకున్నాం కదా. వీడియోలో టైమ్ సరిపోక వదిలేసిన విషయం ఒకటి ఉంది. అది నాకు కొంచెం ఇబ్బంది పెట్టే విషయం కూడా. అందుకే కెమెరా ముందు చెప్పడం కంటే ఇక్కడ రాయడమే మేలనిపించింది.

ముందు కథని ఒకసారి గుర్తు చేసుకుందాం. భాగవతం దశమ స్కంధంలో వస్తుంది. వ్రేపల్లెలో ఒకామె పండ్లు అమ్ముకుంటూ వచ్చింది. కేక వినగానే చిన్ని కృష్ణుడు దోసిలి నిండా ధాన్యం తీసుకుని పరిగెత్తాడు. చిన్న చేతులు, పెద్ద తొందర. దారి పొడవునా గింజలు జారిపోయాయి. ఆమె దగ్గరికి చేరేసరికి మిగిలింది ఎంతో కాదు. ఆమె లెక్క చూడలేదు. ఆ రెండు చేతుల్నీ పండ్లతో నింపేసింది. తర్వాత చూస్తే ఆమె బుట్ట నిండా రత్నాలు.

మనం ఈ కథని ఎప్పుడూ ఒకేలా చెప్పుకుంటాం. దేవుడికి ఇస్తే పదింతలు తిరిగి వస్తుంది అని. నేనూ చాలాసార్లు అలాగే చెప్పాను. కిందటి దసరా సెలవుల్లో మా ఏడేళ్ళ పాపని తీసుకుని ఉదయగిరి వెళ్ళొచ్చాక మాత్రం ఈ కథ నాకు వేరేగా వినిపిస్తోంది.

అసలేం జరిగిందంటే

నెల్లూరు నుంచి సంగం, ఆత్మకూరు మీదుగా ఉదయగిరికి సుమారు 100 కిలోమీటర్లు. పాపకి కొండ మీది కోట చూపించాలని బయల్దేరాం. ఆ కోట మామూలు కోట కాదు. గజపతుల చేతిలో ఉన్న దాన్ని శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గెలిచాడు. అక్కడి నుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకెళ్ళి, హంపీలో కృష్ణాలయం కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

కోట చూసి కిందికి దిగాక చెక్క స్పూన్లు కొందామనుకున్నాం. ఉదయగిరి చెక్క స్పూన్ల గురించి వినే ఉంటారు. చుట్టుపక్కల దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రతో స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు, దువ్వెనలు చేస్తారు. జీఐ గుర్తింపు కూడా ఉంది. ఈ పనిలో ఉన్నవాళ్ళలో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. అందులోనూ ఆడవాళ్ళ చేతి పని ఎక్కువ. ఇంటి ముందే కూర్చుని కోయడం, చెక్కడం, ఆకురాయి పట్టడం, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దడం.

మేం వెళ్ళిన ఇంట్లో ఒక అక్క పని చేస్తూ ఉంది. పాప పక్కన కూర్చుని కళ్ళార్పకుండా చూసింది. ఆరు స్పూన్ల సెట్ ధర అడిగాను. "480 అన్నా" అంది. నేను అలవాటుగా "300కి ఇచ్చేయండి" అన్నాను.

"చేత్తో చేసేది అన్నా, రాదు."

"మేం చాలా దూరం నుంచి వచ్చాం అక్కా."

అదేం కారణమో నాకే తెలీదు. మేం దూరం నుంచి వస్తే ఆమె కష్టం తగ్గుతుందా? అయినా అన్నాను. చివరికి 350 దగ్గర ఆగింది. ఆమె స్పూన్లు కాగితంలో చుడుతుంటే పాప చాలా మామూలుగా అడిగింది: "నాన్నా, మొన్న మాల్‌లో కూడా ఇలా అడగొచ్చు కదా? నా బొమ్మ కూడా తక్కువకి ఇచ్చేవాళ్ళు."

అక్క తల ఎత్తకుండా చిన్నగా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఆత్మకూరులో కొసరు

తిరుగు దారిలో ఆత్మకూరులో కాసేపు ఆగాం. రోడ్డు పక్కన ఒక అవ్వ గంపలో సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది. ఈసారి నేను నోరెత్తలేదు. చెప్పినంతా ఇచ్చేశాను. అవ్వ పండ్లు సంచిలో వేసి, మళ్ళీ గంపలోకి చెయ్యి పెట్టి బాగా పండినవి రెండు తీసి పాప చేతుల్లో పెట్టింది. "తిను నాయనా, యాడ నుంచి వచ్చినావు?"

ఆ రెండు పండ్లకీ మన భాషలో ఎంత మంచి మాట ఉందో చూడండి. కొసరు. కొలత అయిపోయాక అమ్మేవాళ్ళు తమంతట తాము ఇచ్చేది. పాప అది రెండు చేతులతో పట్టుకుని కారు దాకా మెల్లగా నడిచింది, కింద పడతాయేమోనని.

ఉదయగిరిలో నేను 130 రూపాయలు మిగుల్చుకున్నాను. ఆత్మకూరులో రెండు సీతాఫలాలు వచ్చాయి. రెండూ లాభమే. ఒకటి నేను లాగి తీసుకున్నది, ఇంకొకటి ఆమె ఇచ్చింది. ఈ తేడా పాపకి ఎవరూ చెప్పక్కర్లేదు. రెండూ కళ్ళారా చూసింది.

బేరం తప్పా?

ఇక్కడ తొందరపడి "బేరం పాపం" అనేయడం నాకు ఇష్టం లేదు. మా అమ్మ కూరగాయల బండి దగ్గర రూపాయి రూపాయి బేరమాడే మమ్మల్ని చదివించింది. ఇంటిని పొదుపుగా నడపడం గృహస్థు ధర్మమే. పైగా కొన్ని చోట్ల టూరిస్టుని చూడగానే రెట్టింపు చెబుతారు. అక్కడ బేరం ఒక ఆటలాంటిది. అతను ఎక్కువ చెబుతాడు, మనం తక్కువ అడుగుతాం, మధ్యలో ఎక్కడో కలుస్తాం. ఇద్దరికీ ఆ ఆట తెలుసు. ఇద్దరూ నవ్వుకుంటూ విడిపోతారు. అందులో తప్పేం లేదు.

మరి నన్ను గుచ్చిందేంటి? పాప అడిగిన మాల్ ప్రశ్న.

మాల్‌లో బార్‌కోడ్ ముందు నేను నోరు విప్పను. సినిమా హాల్లో పాప్‌కార్న్ ఎంతంటే అంత ఇస్తాను. ఫుడ్ డెలివరీ యాప్ ప్లాట్‌ఫామ్ ఫీజు అంటే, ప్యాకింగ్ ఛార్జీ అంటే, ఒక్క మాటా అనకుండా ఓకే నొక్కుతాను. నా పొదుపు అంతా ఎక్కడ బయటికి వస్తోంది? నేల మీద కూర్చుని అమ్మేవాళ్ళ దగ్గర. అంటే నేను డబ్బు విలువ తెలిసి బేరం ఆడట్లేదు. ఎవరు నాకు కాదని చెప్పలేరో వాళ్ళ దగ్గరే ఆడుతున్నాను.

మహాభారతం శాంతిపర్వంలో తులాధారుడనే వ్యాపారి కథ ఉంది. జాజలి అనే ముని ఘోరమైన తపస్సు చేశాడు. కదలకుండా నిలబడితే జటల్లో పక్షులు గూడు కట్టాయి. అవి పిల్లల్ని పెట్టి ఎగిరిపోయేదాకా కదల్లేదు. నా అంత ధర్మాత్ముడు లేడనుకున్నాడు. అప్పుడు ఆయనకి వినపడింది, కాశీలో తులాధారుడు నీకంటే గొప్పవాడని. వెళ్ళి చూస్తే అక్కడ ఆశ్రమం లేదు, హోమం లేదు. కొట్లో కూర్చుని సరుకులు అమ్ముకుంటున్న మనిషి. ఆయన తన ధర్మం గురించి చెప్పినదాని సారం ఒకటే: నా తక్కెడ అందరికీ సమానం.

ఈ కథని మనం అమ్మేవాళ్ళకి నీతిగా చదువుతాం. కల్తీ చెయ్యకు, తూకంలో మోసం చెయ్యకు అని. కానీ కొనేవాళ్ళ చేతిలో కూడా ఒక తక్కెడ ఉంటుంది. ఏసీ షోరూముకి ఒక తూకం, గడప ముందు కూర్చున్న అక్కకి ఇంకో తూకం వేస్తే అది కూడా దొంగ తూకమే.

గీత మూడో అధ్యాయం 12వ శ్లోకంలో కృష్ణుడు ఇంకా గట్టిగా అంటాడు. తనకి అందినదాన్ని, తిరిగి ఇవ్వాల్సింది ఇవ్వకుండా అనుభవించేవాడు దొంగే అని. వెన్నదొంగ అని మనం ముద్దుగా పిలుచుకునే ఆయనే ఈ మాట అన్నాడు. అక్కడ చెబుతున్నది యజ్ఞం గురించి. అయినా వంటింట్లో ఆ స్పూను పట్టుకున్న ప్రతిసారీ నాకు ఆ మాటే గుర్తొస్తోంది.

జాలి కూడా మందు కాదు

అలాగని 480 చెబితే 1000 ఇచ్చి "ఉంచుకో అమ్మా" అనడమే పరిష్కారమా? నాకలా అనిపించడం లేదు. ఆమె అడిగింది దానం కాదు, ధర. ఒక మనిషి తన పనికి తాను ధర చెప్పడంలో ఒక గౌరవం ఉంటుంది. నేను దాన్ని తగ్గించినా, జాలితో పెంచి ఇచ్చినా, ఆ పని విలువ నిర్ణయించే హక్కు నాదే అని చెప్పినట్టవుతుంది. ఆమె చెప్పిన ధర ఇచ్చి, స్పూను బాగుంటే బాగుందని చెప్పి రావడం అన్నిటికంటే మర్యాద.

మరి అంత డబ్బు లేకపోతే? ఇది న్యాయమైన ప్రశ్నే. మా ఇంట్లో ఇప్పుడు పెట్టుకున్న నియమం చెబుతాను: తక్కువ ధరకి ఎక్కువ వద్దు, సరైన ధరకి తక్కువ చాలు. నా దగ్గర 300 ఉంటే ఆరు బదులు మూడు అడిగి ఉండాల్సింది. "అక్కా, మూడు ఇస్తారా?" అంటే ఆమెకీ ఇబ్బంది లేదు, నాకూ లేదు. పాప కూడా డబ్బు విలువ నేర్చుకునేది. ఉన్నంతలో కొనడం అంటే ఏంటో చూసేది. నేను ఆ రోజు నేర్పింది వేరు. ఎదుటివాళ్ళ కష్టంలోంచి మన లోటు పూడ్చుకోవచ్చని.

మళ్ళీ పండ్లమ్మ దగ్గరికి

ఇప్పుడు ఆ కథని ఇంకోసారి చూద్దాం. ఆమె పండ్లు ఇచ్చినప్పుడు రత్నాలు వస్తాయని ఆమెకి తెలీదు. ఎదురుగా ఉన్నది దేవుడనీ తెలీదు. ఖాళీ అయిపోయిన చేతులు చాచి నిలబడ్డ ఒక పిల్లాడు, అంతే. ఆమె గొప్పతనం రత్నాలకి ముందే పూర్తయింది.

ఇంకో విషయం. ఈ కథ వింటున్నప్పుడు మనల్ని మనం ఎప్పుడూ పండ్లమ్మ స్థానంలో ఊహించుకుంటాం. మేమూ భక్తితో ఇస్తాం, మాకూ బుట్ట నిండుతుంది అని. కానీ బజారుకి వెళ్ళినప్పుడు మనం పండ్లమ్మ కాదు కదా. మనం కొనడానికి వెళ్ళినవాళ్ళం. కథలో కొనడానికి వెళ్ళింది కృష్ణుడు. ఆయన ధాన్యం తక్కువే తెచ్చాడు. కానీ ఆమె బుట్టని ఖాళీగా పంపలేదు. మనం వెళ్ళిపోయాక ఆ బుట్టలో ఏం మిగిలింది? కొనేవాడిగా నేను వేసుకోవాల్సిన ప్రశ్న ఇది.

ఉదయగిరి నుంచి ఒకప్పుడు బాలకృష్ణుడే వెళ్ళిపోయాడు. గెలిచిన రాజు తీసుకెళ్ళాడు. ఆ ఊరు ఏమీ అడగలేకపోయింది. ఇప్పుడు ఆ ఊరి నుంచి బయటికి వెళ్తున్నది అక్కడి చేతిపని. దానికి జీఐ ఉంది. జీఐ పేరుని కాపాడుతుంది, ధరని కాపాడదు. అది కొనేవాళ్ళ చేతిలోనే ఉంది.

మీరు వెళ్తే

పిల్లలతో ఆ వైపు ట్రిప్ ప్లాన్ చేసేవాళ్ళకి నాలుగు మాటలు. కోట ఎక్కాలంటే పొద్దున్నే మొదలుపెట్టండి, నీళ్ళు ఎక్కువ తీసుకెళ్ళండి. దారిలో పెన్న మీద సోమశిల డ్యామ్ చూడొచ్చు. సీతారామపురం వైపు వెళ్ళి జిల్లా సరిహద్దు దాటితే భైరవకోన. కొండని తొలిచిన ఎనిమిది శివాలయాలు, జలపాతం, పిల్లలకి భలే నచ్చుతుంది.

చెక్క స్పూన్లు కొంటే ముందు పిల్లల్ని పని చేసేవాళ్ళ పక్కన కాసేపు కూర్చోనివ్వండి. "ఇది ఎలా చేస్తారు?" అని వాళ్ళనే అడగనివ్వండి. డబ్బు పిల్లల చేత్తోనే ఇప్పించండి. ఇంటికొచ్చాక స్పూన్లని నీళ్ళలో నానబెట్టొద్దు. కడిగి, తుడిచి, నీడలో ఆరబెట్టండి. అప్పుడప్పుడు కొంచెం నూనె రాయండి. నూనె రాసే పని మా ఇంట్లో పాపదే.

నేను ఆ రోజు వెనక్కి వెళ్ళి ఆ 130 ఇచ్చానా? లేదు. అబద్ధం చెప్పను. ఆత్మకూరు దాకా వచ్చేశాం, చీకటి పడుతోందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. కృష్ణాష్టమికి మా అమ్మ ఆ స్పూనుతోనే పరమాన్నం రుచి చూసింది, "ఎంత నున్నగా చేశారురా" అని మెచ్చుకుంది. పాప నా వైపు చూసింది. ఏమీ అనలేదు.

వచ్చే దసరాకి మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి ఒక గరిటె కావాలట. ధర పాపే అడుగుతానంది. "నువ్వు మాట్లాడొద్దు నాన్నా" అని ముందే చెప్పేసింది.

మీ ఇంట్లో పిల్లలు ఇలాంటి ప్రశ్న ఎప్పుడైనా అడిగారా? అడిగితే ఏం చెప్పారో ఒకసారి గుర్తు చేసుకోండి.

శ్రీకృష్ణార్పణమస్తు.