గుర్రమూ ఆయనే, జూదమూ ఆయనే: మరి రేసుల్లో మనం చూస్తున్నది ఎవరిని?



ఈ వారం వీడియోలో విభూతి యోగం గురించి చెప్పుకున్నాం. గీతలో పదో అధ్యాయం అది. ఈ సృష్టిలో తన తేజస్సు ఎక్కడెక్కడ ప్రత్యేకంగా కనబడుతుందో కృష్ణుడు అర్జునుడికి ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ వెళ్తాడు. అందులో రెండు మాటలు నన్ను వారం రోజులుగా వదలట్లేదు. 27వ శ్లోకంలో, గుర్రాల్లో నేను ఉచ్చైశ్రవాన్ని అంటాడు. పాలసముద్రాన్ని చిలికినప్పుడు పుట్టిన తెల్ల గుర్రం అది. తొమ్మిది శ్లోకాలు దాటాక 36వ శ్లోకంలో, మోసం చేసేవాటిలో నేను జూదాన్ని అంటాడు.

వీడియోలో టైమ్ సరిపోక ఆ రెండో మాట దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. వీడియో చూసి మా ఆఫీసు ఫ్రెండ్ ఒకడు నవ్వుతూ అడిగాడు: "జూదం కూడా దేవుడే అయితే మనం ఆడితే తప్పేంట్రా?" వాడు ఊరికే అడగలేదు. రెండేళ్ళ కింద నన్ను మొదటిసారి గుర్రప్పందేలకి తీసుకెళ్ళింది వాడే. వాడికి అప్పుడే జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు ఏం జరిగిందో ముందు చెప్తాను. ఏ ఊరో, ఏ క్లబ్బో చెప్పను. నేను చెప్పదలచుకున్నది ఒక్క క్లబ్బు గురించి కాదు. వంద రూపాయలు పెట్టి ఒక టికెట్ కొన్నాను. ఆ గుర్రం గురించి నాకేమీ తెలీదు, పేరు బాగుందని పెట్టానంతే. రేసు మొదలయ్యాక నేను కూడా అందరితో పాటు లేచి అరిచాను. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. ఆఖరి మలుపు దగ్గర ఒక గుర్రం ఉన్నట్టుండి వెనకబడిపోయింది. జాకీ దిగిపోయాడు. గుర్రం ముందు కాలు ఒకటి నేల మీద మోపలేకపోతోంది. కాసేపటికి కొందరు పెద్ద తెర ఒకటి పట్టుకొచ్చి దానికి అడ్డం పెట్టారు.

అప్పుడు నేను చేసిన మొదటి పని, చేతిలో ఉన్న టికెట్ చూసుకోవడం. నా నంబర్ కాదు. "హమ్మయ్య" అనుకున్నాను. ఆ మాట అనుకున్నాక రెండు మూడు సెకన్లకి గానీ నేను దేనికి హమ్మయ్య అనుకున్నానో నాకు అర్థం కాలేదు. అరగంటలో తర్వాతి రేసు మొదలైంది. ఆ గుర్రం ఏమైందో మైకులో ఎవరూ చెప్పలేదు. నేను కూడా ఎవరినీ అడగలేదు. ఆ అడగకపోవడమే ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

శకునికి స్కిల్ లేదా?

ఇక మా ఫ్రెండ్ ప్రశ్న. జూదం నేనే అన్నాడంటే ఆడమన్నాడని కాదు. పామును మనం దేవుడిగా కొలుస్తాం, నాగులచవితికి పుట్టలో పాలు పోస్తాం. అలాగని పడగ మీద చెయ్యి వెయ్యం కదా. ధర్మరాజు లాంటివాణ్ణి కూడా కూర్చోబెట్టి లేవనివ్వని శక్తి జూదానికి ఉంది. ఆ శక్తి కూడా ఆయన దగ్గర్నుంచి వచ్చిందేనని చెప్తూనే, దాన్ని ఏ వరసలో పెట్టాడో చూడండి: మోసం చేసేవాటి వరసలో. అంటే దాని పేరు చెప్పి, దాని గుణం కూడా పక్కనే చెప్పేశాడు.

దీనికి మా వాడి దగ్గర ఇంకో వాదన ఉంది: "గుర్రప్పందెం జూదం కాదురా, స్కిల్. సుప్రీంకోర్టే చెప్పింది." వాడి మాట నిజమే. తమిళనాడు నుంచి వచ్చిన కేసులో 1996లో సుప్రీంకోర్టు, గుర్రప్పందెం ఫలితం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడుతుందని చెప్పింది. గుర్రం తల్లిదండ్రులెవరు, మోసే బరువెంత, దూరమెంత, జాకీ ఎవరు, ఇవన్నీ లెక్కేసి పందెం కాసేవాడు గుడ్డిగా కాయట్లేదన్నది నిజం. కోర్టు ముందున్న ప్రశ్నకి కోర్టు జవాబిచ్చింది.

కానీ ధర్మం అడిగే ప్రశ్న వేరు. శకునికి స్కిల్ లేదా? పాచికలాటలో ఆయన్ని మించినవాడు ఆ సభలో లేడు. ఆ నైపుణ్యం వల్ల ఆ ఆట ధర్మం అయిపోయిందా? ఆ రోజు అసలు ప్రశ్న వేసింది ద్రౌపది. తనను తానే ఓడిపోయినవాడికి నన్ను పందెం కాసే హక్కు ఎక్కడిదని అడిగింది. భీష్ముడంతటివాడు కూడా సూటిగా జవాబు చెప్పలేకపోయాడు. ఇక్కడ నేను పోలుస్తున్నది ఆ సభలో కూర్చున్న పెద్దల్నీ, స్టాండ్స్‌లో కూర్చున్న మనల్నీ. ఆడేవాడికి తెలివి ఉందా లేదా అన్న ఒక్కటే చూస్తే సరిపోదు. ఆ తెలివికి మూల్యం ఎవరి ఒంటి మీద పడుతోంది, వాళ్ళు ఒప్పుకున్నారా అన్నది కూడా చూడాలి.

గుర్రం నోరు తెరిచి అడగలేదు. రేసుల్లో పరిగెత్తే థరోబ్రెడ్ గుర్రం దాదాపు 500 కిలోల బరువుంటుంది, గంటకి 60 కిలోమీటర్లు దాటి పరిగెత్తగలదు. ఆ బరువంతా సన్నటి కాళ్ళ మీద పడుతుంది. చాలావాటిని రెండేళ్ళ వయసుకే రేసుల్లోకి దింపుతారు. అప్పటికి ఒంట్లో ఎముకలన్నీ పూర్తిగా గట్టిపడి ఉండవు. బాగా చూసుకుంటే గుర్రం పాతికేళ్ళు బతుకుతుంది. రేసుల్లో అది పనికొచ్చేది మాత్రం అందులో కొన్నేళ్ళే.

ఎవరి కోడ్ వాళ్ళే అప్రూవ్ చేసుకుంటే

ఆ రోజు తర్వాత ఈ రేసులు ఎలా నడుస్తాయో చదవడం మొదలుపెట్టాను. గుర్రాలంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఆ ఫీల్డ్‌లో చాలామంది ఉన్నారు. తెల్లవారుజామునే లేచి గుర్రాన్ని కడిగి, మేత పెట్టి, దాని పక్కనే పడుకునే సైసులు ఉన్నారు. నా కోపం వాళ్ళ మీద కాదు. ఆ పద్ధతి మీద.

మేము ఆఫీసులో కోడ్ రాస్తే, రాసినవాడే దాన్ని అప్రూవ్ చేయడానికి వీల్లేదు. వేరేవాళ్ళు చూడాలి. రాసినవాడు దొంగ అని కాదు, ఎవరి తప్పు వాళ్ళకి కనబడదని. మన దేశంలో రేసుల్ని చూడండి. ముంబై-పుణె, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ క్లబ్బులు ఎక్కడికక్కడ తామే టర్ఫ్ అథారిటీలు. రేసులు నడిపేది క్లబ్బు. ట్రైనర్లకీ జాకీలకీ లైసెన్సులిచ్చేది క్లబ్బు. పందెం డబ్బుల్లో వాటా అందేది క్లబ్బుకి. రేపు ఏదైనా తేడా వస్తే విచారణ చేసే స్టీవార్డులు కూడా ఆ క్లబ్బు వ్యవస్థలోని వాళ్ళే. ప్రభుత్వం సంగతి చూస్తే, 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు గుర్రప్పందేల మీద 28 శాతం పన్ను వేశారు, 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం అయింది. అంటే ఓనరు, ట్రైనరు, జాకీ, బుకీ, క్లబ్బు, ప్రభుత్వం అందరికీ ఆ బల్ల దగ్గర కుర్చీ ఉంది. పరిగెత్తేదానికి మాత్రం లేదు, దాని తరఫున మాట్లాడే మనిషికి కూడా లేదు.

దీన్ని మార్చడం కుదరని పనేమీ కాదు. ఈ ఆట పుట్టిన బ్రిటన్‌లోనే నియమాలు పెట్టే పనిని విడదీసి 2007లో బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీకి అప్పగించారు. అమెరికాలో గుర్రాలు చనిపోతున్నాయని గోల పెరిగి 2020లో చట్టం చేశారు. 2022 నుంచి అక్కడ దేశం మొత్తానికి ఒక భద్రతా సంస్థ పనిచేస్తోంది. ఒక గుర్రం ఒక రేసులో దిగితే దాన్ని ఒక స్టార్ట్ అంటారు. 2009లో అమెరికాలో ఈ లెక్కలు మొదలుపెట్టినప్పుడు వెయ్యి స్టార్టులకి రెండు గుర్రాలు చనిపోయేవి. 2024లో ఆ సంస్థ పరిధిలోని ట్రాకుల్లో అది 0.90కి తగ్గింది. అదేమీ సున్నా కాదు. కానీ లెక్కపెట్టి, అందరి ముందూ పెట్టడం మొదలుపెడితే తగ్గుతుందని తెలుస్తోంది. మా దగ్గర సర్వర్ పది నిమిషాలు పడిపోతే ఎందుకు పడిందో మర్నాటికి రిపోర్ట్ రాయాలి. ఒక ప్రాణం పడిపోతే తెర అడ్డం పెట్టి ఊరుకుంటున్నాం.

కద్రువ పందెం

మన పురాణాల్లో గుర్రం మీద కాసిన పందెం ఒకటి ఉంది, అది కూడా ఉచ్చైశ్రవం మీదే. ఆదిపర్వంలో కద్రువ, వినత ఆ గుర్రాన్ని చూసి పందెం వేసుకుంటారు. మొత్తం తెలుపే అంటుంది వినత. తోక నలుపంటుంది కద్రువ. ఓడినవాళ్ళు దాసి కావాలి. కద్రువ తన కొడుకులైన పాముల్ని పిలిచి, వెళ్ళి ఆ తోకకి చుట్టుకోమంది. ఒప్పుకోనివాళ్ళని సర్పయాగంలో కాలిపొమ్మని శపించింది. మర్నాడు తోక నల్లగా కనబడింది. వినత దాసి అయింది.

చిన్నప్పుడు ఈ కథలో నాకు గరుత్మంతుడే కనిపించేవాడు. ఇప్పుడు గుర్రం కనిపిస్తోంది. పందెం ఇద్దరు అక్కచెల్లెళ్ళది, మోసం ఒకరిది, ఆ మోసం జరిగింది మాత్రం గుర్రం ఒంటి మీద. అమృతంతో పాటు పుట్టినదాన్ని కూడా పందెం వదల్లేదు.

2021లో అమెరికాలో కెంటకీ డెర్బీలో మెడీనా స్పిరిట్ అనే గుర్రం మొదట వచ్చింది. రేసు రోజు ఒంట్లో ఉండకూడని బీటామెథసోన్ అనే మందు టెస్టులో బయటపడింది. విచారణలు, లాయర్లు, అప్పీళ్ళతో నెలలు గడిచాయి. ఆ డిసెంబర్లో ప్రాక్టీస్ పరుగు తర్వాత ఆ గుర్రం చనిపోయింది. దాని వయసు మూడేళ్ళు. 2022 ఫిబ్రవరిలో దాని గెలుపుని రద్దు చేశారు. ఆ మందు దాని ఒంట్లోకి ఎలా వచ్చిందన్న గొడవంతా మనుషులది. దానికి తెలిసింది పరిగెత్తడం ఒక్కటే.

అది ఎక్కడో అమెరికాలో అనుకోవద్దు. 2025 ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో, మండే ఎండల్లో 57 గుర్రాల్ని మన హైదరాబాద్ నుంచి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ దగ్గరికి తరలించారు. కొన్ని వారాల్లోనే వాటిలో ఎనిమిది చనిపోయాయి, తర్వాత ఆ సంఖ్య ఇంకా పెరిగింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. తప్పెవరిదో తేల్చాల్సింది కోర్టు. ఆ వార్త చదివినప్పుడు నాకొకటి అర్థమైంది. "రేపట్నుంచి పందేలన్నీ ఆపేయండి" అనడం చాలా ఈజీ. కానీ డబ్బు రావడం ఆగిపోయిన రోజున మొదట భారం అయ్యేది గుర్రమే. అది ఎక్కడికెళ్తుంది, ఎవరు మేత పెడతారు అన్న ప్రశ్నకి జవాబు లేకుండా ఆపేయమనడం కూడా కరుణ కాదు.

సారథి ఏం చేశాడు?

మరి కరుణ అంటే ఏంటి? దీనికి జవాబు నాకు ద్రోణపర్వంలో దొరికింది. యుద్ధం పద్నాలుగో రోజు. సూర్యుడు అస్తమించేలోపు సైంధవుణ్ణి చంపకపోతే అగ్నిలో దూకుతానని అర్జునుడి శపథం. అంతకంటే పెద్ద డెడ్‌లైన్ ఎవరికైనా ఉంటుందా? మధ్యలో గుర్రాలు అలిసిపోయాయి, ఒళ్ళంతా బాణాలు గుచ్చుకున్నాయి. అప్పుడు రథం ఆపారు. అర్జునుడు కిందకి దిగి నేల మీద నిలబడే శత్రువుల్ని ఆపాడు, బాణాలతో నీటిమడుగు సృష్టించాడు. కృష్ణుడు గుర్రాల్ని రథం నుంచి విప్పి, తన చేతులతో బాణాలు పీకి, ఒళ్ళు నిమిరి, నీళ్ళు తాగించి, మేత పెట్టి, అవి తేరుకున్నాకే మళ్ళీ కట్టాడు.

గుర్రాలతో పని చేయించుకోవడమే పాపం అని ఆయన అనలేదు. అవి యుద్ధంలోనే ఉన్నాయి. కానీ ఎంత తొందరున్నా, వాటి నొప్పి ముందు తన పని ఆగాలని చూపించాడు. జగత్తు మొత్తానికి ప్రభువైనవాడు ఆ కాసేపు గుర్రాల పనివాడు అయ్యాడు. నాకు ఈ మొత్తం విషయంలో ధర్మం అంటే అదే అనిపిస్తోంది. ఒక ప్రాణి నీకోసం కష్టపడితే, దాని బాధ్యత నీ పని అయిపోయేదాకా కాదు, దాని ఊపిరి ఉన్నదాకా.

కాబట్టి రేసులు నడిపేవాళ్ళని మనం అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. నడిపేవాళ్ళూ విచారించేవాళ్ళూ వేరుగా ఉండాలి. ఎన్ని గుర్రాలు గాయపడ్డాయో, ఎన్ని చనిపోయాయో ప్రతి సీజన్‌కీ చెప్పాలి. పందెంలో పడే ప్రతి రూపాయిలో ఎంతో కొంత, రిటైరైన గుర్రం మేతకీ వైద్యానికీ వెళ్ళాలి. ప్రతి గుర్రం పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఎక్కడుందో అందరూ చూసుకునేలా ఉండాలి. ఏ రేసులో ఎన్ని సెకన్లలో పరిగెత్తిందో రాసిపెట్టుకోగలిగినవాళ్ళకి ఇదేమంత కష్టం?

మా ఫ్రెండ్‌కి ఇదంతా చెప్పాను. మానేస్తానని వాడు మాటివ్వలేదు, నేనూ అడగలేదు. "ఈసారి ఏదైనా గుర్రం పడిపోతే ఏమైందో వెళ్ళి అడుగుతాలే" అన్నాడు. నేను ఆ రోజు చేయలేకపోయింది అదే. మీలో ఎవరైనా ఎప్పుడైనా వెళ్తే, మీరు కూడా అడగండి. నలుగురు అడిగితే ఆ తెర వెనక ఏం జరిగిందో చెప్పక తప్పదు.

పదో అధ్యాయంలో రెండూ ఆయనే. కానీ మైదానంలో గుర్రం కుంటుతున్నప్పుడు మన చూపు ముందు టికెట్ మీదకి వెళ్తుందా, దాని మీదకి వెళ్తుందా అన్నది మాత్రం మన చేతుల్లోనే ఉంది.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు. వచ్చే వారం పదకొండో అధ్యాయంతో కలుద్దాం.