తిరుగుబాటు మన గడప తొక్కితే

1965 మే 6 అర్ధరాత్రి హైదరాబాద్ ఆబిడ్స్ సెంటర్లో దిగంబర కవుల తొలి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా నా గొంతు పెరిగేది. శాలువాలూ సభామర్యాదలూ అక్కర్లేదని నడిబజారులో నిలబడ్డ ఆ కుర్రాళ్ల తెగువ నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

వాళ్లు కవిత్వంతో ఆగలేదు. ఇంట్లో పెట్టిన పేర్లు వదిలేశారు. రాఘవాచార్యులు జ్వాలాముఖి అయ్యాడు. యాదవరెడ్డి నిఖిలేశ్వర్ అయ్యాడు. భాస్కరరెడ్డి చెరబండరాజు అయ్యాడు. పేరులోంచి కులం రాలిపోయింది. పంచాంగాన్ని కాదని వారాలకూ రుతువులకూ సొంత పేర్లు పెట్టుకున్నారు. బిడ్డకు పేరు పెట్టడం, ఆ బిడ్డ పెళ్లికి ముహూర్తం చూడటం, ఈ రెండూ మన ఇళ్లలో పెద్దల హక్కులు. వాళ్లు సరిగ్గా ఆ రెంటి మీదే చెయ్యి వేశారు.

ఏళ్ల తరబడి దీన్ని పాఠంగా చెప్పాను. మా అమ్మాయి వచ్చి, "నాన్నా, ముహూర్తం వద్దు, పంతులుగారు వద్దు. రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టేస్తాం" అన్నప్పుడు మాత్రం నాకు నోట మాట రాలేదు. చుట్టాలు ఏమంటారోనన్న బెంగ ముందు పుట్టింది. అబ్బాయి ఏ కులమన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. కానీ అది అంత దాకా రావడమే నన్ను నిద్రపోనివ్వలేదు.

ఆ రాత్రి నన్ను నేను తరచి చూసుకున్నాను. నా బాధ ఆచారం గురించి కాదు. నన్ను అడగకుండానే నిర్ణయం జరిగిపోయింది, అదీ నా బాధ. పెద్దరికం చేజారుతుంటే సంప్రదాయాన్ని అడ్డం పెట్టుకోబోయాను. ఎవరి పిల్లలో చేసిన తిరుగుబాటు నాకు సాహిత్య చరిత్ర. నా పిల్ల చేస్తే పరువు సమస్య.

1971లో జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజు ముగ్గురినీ ముందస్తు నిర్బంధ (పీడీ) చట్టం కింద జైల్లో పెట్టారు. చెరబండరాజు 1982లోనే పోయాడు. నిఖిలేశ్వర్ 'అగ్నిశ్వాస'కు 2020 సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. జైలు నుంచి పురస్కారం దాకా రావడానికి లోకానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. తల్లిదండ్రులకు అంత గడువు ఉండదు. మనసు విరిగి గడప దాటిన బిడ్డ అన్నేళ్లు మన కోసం ఆగదు.

అమ్మాయి పెళ్లి సంగతి మా అమ్మతో నేనే మాట్లాడాను. కాసేపు మౌనంగా ఉండి, "మంత్రాలు లేకపోతే పోనీరా, అక్షింతలు మాత్రం నేను వేస్తాను" అంది. మంత్రాలు వద్దన్న మా అమ్మాయి ఆ అక్షింతలకు సంతోషంగా తల వంచింది.

పిల్లలు ఎదురు మాట్లాడుతున్నారంటే ఇంకా మనతో మాట్లాడుతున్నారని అర్థం. ఆ మాట ఆగిపోకుండా చూసుకోవలసింది ముందు పెద్దలమే.