సేవాధర్మం – గుత్త ఒప్పందం

ఒక సంస్థ చేసే పని మంచిదైనంత మాత్రాన, ఆ పని చేయించుకునే పద్ధతి కూడా మంచిదే అవుతుందా? మిల్లు యజమాని విషయంలోనైతే ఈ ప్రశ్నకు మనం జవాబు వెతుక్కోనక్కరలేదు. అతడు లాభం కోసం మిల్లు నడుపుతాడు, లాభం కోసమే కూలి తగ్గిస్తాడు. అతని లక్ష్యానికీ పద్ధతికీ మధ్య వైరుధ్యమేమీ లేదు. కాని లాభం తన ధ్యేయం కాదని, దారిద్ర్య నిర్మూలనే తన ధ్యేయమని ప్రకటించుకున్న అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ కూడా తన పనిలో పెద్ద భాగాన్ని ఉద్యోగ హక్కులు లేని మనుషులచేత ఒప్పందాల మీద చేయించుకుంటున్నప్పుడు, మనం అలవాటుగా వాడే కొలబద్ద చాలదు. అక్కడ దోపిడీ అన్న మాట వాడటానికే మనకు నోరు రాదు. ఆ సంకోచం ఎంతవరకు న్యాయమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా విషయమేమిటో చూద్దాం. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంలో సిబ్బంది వేరు, 'వ్యక్తిగత కాంట్రాక్టర్లు' వేరు. ఈ రెండో తరగతివారితో రాసుకునే ఒప్పందం, వారు ఎవరో చెప్పడంతోపాటు ఎవరు కారో కూడా గట్టిగా తేలుస్తుంది. వారు సంస్థ సిబ్బంది కారు, అధికారులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. అప్పగించిన పని పూర్తిచేసి, అది తృప్తికరంగా ఉన్నదని సంస్థ ధ్రువీకరించిన తరువాత డబ్బు ముడుతుంది. పింఛను లేదు. జబ్బుచేస్తే తన బీమా తానే చూసుకోవాలి. రాసిన నివేదిక మీద హక్కు సంస్థది. కొద్దిరోజుల నోటీసుతో ఒప్పందం ముగించవచ్చు. వివాదం వస్తే మధ్యవర్తిత్వమే శరణ్యం. సిబ్బంది కోసం 2009లో ఏర్పడిన ఐక్యరాజ్యసమితి వివాదాల ట్రిబ్యునలు తలుపు వారికి తెరుచుకోదు. ప్రపంచ బ్యాంకులో స్వల్పకాలిక సలహాదారు ఒక ఆర్థిక సంవత్సరంలో 150 రోజులకు మించి పనిచేయరాదన్న నియమం ఉన్నది. మిగిలిన రోజులు అతడు ఎట్లా బతుకుతాడన్నది ఆ ఒప్పందానికి అక్కరలేని సంగతి.

ఇది ఏదో ఒక మూలనున్న చిన్న తరగతి అనుకోరాదు. ఐక్యరాజ్యసమితి వ్యవస్థకే చెందిన సంయుక్త తనిఖీ విభాగం 2014లో ఈ విషయం మీద ఒక నివేదిక వెలువరించింది. సిబ్బంది కాని ఈ రకరకాల తరగతులవారు మొత్తం పనివారిలో 45 శాతానికి మించి ఉన్నారనీ, సిబ్బంది చేయవలసిన పనినే వారిలో అనేకులు దీర్ఘకాలంగా చేస్తున్నారనీ అది తేల్చింది. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 2006లో, అదే వ్యవస్థలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ తన 198వ సిఫారసు ద్వారా ప్రపంచంలోని ప్రభుత్వాలన్నిటికీ ఒక మాట చెప్పింది. ఉద్యోగ సంబంధం ఉన్నదా లేదా అన్నది కాగితం మీద పెట్టుకున్న పేరును బట్టి కాక, జరుగుతున్న వాస్తవాన్ని బట్టి నిర్ణయించాలన్నది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే.

గుత్త మన ప్రాంతానికి కొత్త కాదు. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి రావులపాలెం, కొత్తపేట వైపు వెళ్ళితే కొబ్బరితోటల్లో దింపు కార్మికుడికి చెట్టుకింతని కూలి. ఒలుపు కార్మికుడికి కాయల లెక్కన కూలి. లారీకి సరుకు ఎత్తే ముఠాకు లోడుకింతని బేరం. మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటం (1867)లో ఇటువంటి కూలిని విడిగా ఒక అధ్యాయంలో విశ్లేషించాడు. పనిని బట్టి కూలి ఇచ్చేటప్పుడు పైన నిలబడి అదిలించేవాడి అవసరం తగ్గుతుంది. పనివాడి అవసరమే అతన్ని అదిలిస్తుంది. మధ్యన దళారీలు పుట్టడానికి కూడా అందులోనే వీలున్నదని ఆయన చూపాడు.

అయినా పల్లెటూరి గుత్తలో ఒక సంగతి గమనించాలి. గుత్త మాట్లాడేది ఒంటరి మనిషి కాదు, ముఠా. రేటు ఇంతని ఊరందరికీ తెలుసు. అంతకు తక్కువకు ఒకడు ఒప్పుకుంటే రెండోవాడు అడుగుతాడు. మేస్త్రీ మోసం చేస్తే అతని ఇల్లు ఎక్కడో తెలుసు. అభివృద్ధి సంస్థ ఒప్పందంలో గుత్త మిగిలింది, ముఠా పోయింది. 'వ్యక్తిగత కాంట్రాక్టరు' అనే పేరులో అసలు దెబ్బంతా 'వ్యక్తిగత' అన్న మాటలోనే ఉన్నది. అతడే గుత్తేదారు, అతడే కూలీ. ఇక అతడు పేచీ పెట్టుకోవలసింది తనతోనే. పక్క గదిలో అదే పని చేస్తున్నవాడికి రోజుకెంత ఇస్తున్నారో అతనికి తెలియదు. అడగడం మర్యాద కూడా కాదు.

ఈ వరసలో చిట్టచివరి మనిషి ఎవరో తెలుసుకోవడానికి న్యూయార్కు దాకా పోనక్కరలేదు. ప్రపంచ బ్యాంకు రుణంతో 'వెలుగు' కార్యక్రమం 2000లో ఆరు జిల్లాల్లో మొదలై, 2003 నాటి రెండో ప్రాజెక్టుతో తూర్పు గోదావరితో సహా మిగిలిన గ్రామీణ జిల్లాలకు వ్యాపించింది. తరువాత అదే ఇందిరా క్రాంతి పథం అయింది. బ్యాంకు ప్రభుత్వానికి అప్పు ఇస్తుంది. ప్రభుత్వం గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ద్వారా పని నడుపుతుంది. దాని కింద జిల్లా, మండల సమాఖ్యలు. అన్నిటికన్నా కింద, ఊళ్ళో, గ్రామ సమాఖ్య. పొదుపు సంఘాల పుస్తకాలు రాసి, బ్యాంకు రుణాల కాగితాలు నింపి, సమావేశాలకు ఆడవాళ్ళను కూడగట్టే ఒక స్త్రీ ఉంటుంది. ఒకప్పుడు యానిమేటరు అన్నారు, ఇప్పుడు వీఓఏ అంటున్నారు. ఆమె యజమాని ఎవరు? బ్యాంకు కాదు. ప్రభుత్వం కాదు. సెర్ప్ కూడా కాదు. కాగితం ప్రకారం ఆమె గ్రామ సమాఖ్య సహాయకురాలు. అనగా ఆమెవంటి పేద స్త్రీలే ఆమె యజమానులు!

ఇంతకన్నా నేర్పైన అమరిక పెట్టుబడిదారుడి ఊహకు కూడా అందలేదేమో. కూలి పెంచమని ఆమె అడగవలసింది తన పొరుగింటి అక్కను. ఇవ్వలేనని చెప్పవలసింది ఆ అక్క. పైనున్నవారు ఇద్దరి సాధికారత గురించీ నివేదిక రాసుకుంటారు. 2023లో తెలంగాణలో వీఓఏలు సమ్మె చేసినప్పుడు తమను సెర్ప్ ఉద్యోగులుగా గుర్తించాలన్నది వారి ప్రధానమైన కోరికల్లో ఒకటి. వేతనం సంగతి సరే, ముందు మా యజమాని ఎవరో ఒప్పుకోండి అన్నమాట. ప్రపంచ బ్యాంకు రుణంతో నడిచిన ఆ ప్రాజెక్టులు ముగిసి ఏళ్ళు గడిచాయి. అవి నాటిపోయిన పని సంబంధం మాత్రం నిలిచే ఉన్నది.

యజమాని ఎవరో తెలిసినచోట కూడా అడగడానికి చోటున్నదా అన్నది తరువాతి ప్రశ్న. 1972లో పటాన్‌చెరువులో ఏర్పడిన అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ, ఇక్రిశాట్, మెట్టపంటల మీద చేసిన కృషి తక్కువది కాదు. 1947 నాటి ఐక్యరాజ్యసమితి రక్షణల చట్టం కింద భారత ప్రభుత్వం దానికి ప్రత్యేక రక్షణలు కల్పించింది. ఉద్యోగాలు పోయినవారు కొందరు హైకోర్టుకు, అక్కడినుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2003లో సుప్రీంకోర్టు వారి మొర తోసిపుచ్చింది. సంస్థ 'రాజ్యం' నిర్వచనంలోకి రాదన్నది. అంతకన్నా మనం ఆలోచించవలసిన మాట మరొకటి అన్నది. స్వచ్ఛందంగా చేపట్టిన సేవ ప్రజా కర్తవ్యం అనిపించుకోదు, కనుక రిట్ చెల్లదు. న్యాయశాస్త్రంలో దీనికి చోటుండవచ్చు. నీతిశాస్త్రంలో దీని అర్థమేమిటి? ఎవరూ బలవంతం చేయకుండా మంచి చేయడానికి వచ్చినవాడు, ఆ మంచితనం కారణంగానే జవాబుదారీనుంచి తప్పుకున్నాడు. పైగా వారు కాంట్రాక్టర్లు కారు, ఉద్యోగులే. ఉద్యోగుల గతి ఇదైతే గుత్తమనిషి గతి చెప్పాలా?

దీని పక్కన మరో తీర్పు పెట్టి చూడండి. కేంద్ర జలసంఘంలో ఏళ్ళ తరబడి తాత్కాలికంగా ఊడ్చి, మొక్కలకు నీళ్ళుపోసిన పనివారిని క్రమబద్ధం చేయాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. శాశ్వతమైన పనికి తాత్కాలికమన్న పేరు పెట్టి హక్కులు ఎగవేయరాదన్నది. ఆ న్యాయం ప్రభుత్వ కార్యాలయం గడప దాకా వచ్చింది. అంతర్జాతీయ సంస్థ గేటు దగ్గర ఆగిపోయింది. ఆ రక్షణలు ఎందుకు పుట్టాయో మరచిపోరాదు. ఏదో ఒక ప్రభుత్వం కక్షగట్టి సంస్థ పనికి అడ్డుపడకుండా 1946 నాటి ఒడంబడిక వాటిని కల్పించింది. ఆ ఒడంబడికే, కాంట్రాక్టుల వల్ల వచ్చే తగాదాలకు తగిన పరిష్కార మార్గం సంస్థే ఏర్పాటు చేయాలని కూడా నిర్దేశించింది. రాజ్యాలనుంచి కాపాడటానికి కట్టిన గోడ, తన గదులు ఊడ్చే మనిషి నుంచి కాపాడే గోడగా మారరాదు.

దీనికి ఎదురు వాదం లేకపోలేదు. ఆ వాదాన్ని దాని బలమైన రూపంలోనే తీసుకుందాం. ప్రాజెక్టుకు గడువున్నది, డబ్బు దాతలది. ఒక గుమాస్తాకు పింఛను కడితే ఆ మేరకు కొందరు పిల్లలకు టీకా తగ్గుతుంది. పేద బిడ్డ ప్రాణం ముఖ్యమా, గుమాస్తా పింఛను ముఖ్యమా?

ఈ ప్రశ్నకు తడబడనక్కరలేదు. పింఛను కట్టనంత మాత్రాన ముసలితనం రాకుండా పోదు. బీమా లేనంత మాత్రాన జ్వరం ఆగదు. ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు. సంస్థ పద్దులోనుంచి తీసి పనిమనిషి ఇంటి పద్దులో రాశారు. అనగా ఆ టీకాకు ఆమె కూడా చందా ఇచ్చింది. వార్షిక నివేదికలో దాతల పట్టిక ఉంటుంది. ప్రభుత్వాల పేర్లు, ఫౌండేషన్ల పేర్లు ఉంటాయి. ఆమె పేరు ఉండదు. ఇష్టపడి ఇచ్చింది దానం. వేరే గతి లేనప్పుడు పుచ్చుకున్నది పన్ను. అందులోనూ అందరికన్నా లేనివారి మీద అందరికన్నా బరువుగా పడే పన్ను. మనిషిని సాధనంగా మాత్రమే చూడరాదన్న కాంట్ సూత్రానికి, ఆ సాధనంతో సాధించేది పుణ్యకార్యమైతే సడలింపు లేదు.

'ఆమె సంతకం పెట్టింది గదా' అంటారు. పెట్టింది. రెండోవైపు ఉన్నవాడు ఒప్పందం రాసి తెచ్చాడు, ఆమె సంతకం పెట్టింది. ఒక్క షరతు కూడా మార్చలేని స్వాతంత్ర్యం పేరు స్వతంత్ర కాంట్రాక్టు.

ప్రమాదం ఎవరి నెత్తిన పడుతుందో 2025లో చూశాం. ఆ సంవత్సరం జనవరి 20న అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపివేసింది. ట్రాన్స్‌జెండర్ ప్రజల కోసం 2021లో హైదరాబాదులో మొదలైన మిత్ర్ క్లినిక్ వారాల్లోనే మూతపడింది. అక్కడ పనిచేసినవారిలో ఆ సమాజానికి చెందినవారే ఎక్కువ. వైద్యం పోయింది, వైద్యం అందించేవారి జీతమూ పోయింది. వాషింగ్టనులో పెట్టిన ఒక్క సంతకం ఇన్ని వేల మైళ్ళు దిగివచ్చి, దారిలో ఎవరి దగ్గరా ఆగకుండా, చిట్టచివరి మనిషి మీద పడింది. ఎందుకంటే దారిలో ఉన్న ప్రతి ఒప్పందం ఆ బరువును తన కిందికి జారవిడిచేటట్టుగానే రాయబడింది.

ఇంతమాత్రాన గుత్త అన్నదే పాపమని నా వాదం కాదు. వంతెనకు నమూనా గీసే ఇంజనీరు, ఒక నివేదికను నెలరోజుల్లో తెలుగుచేసే అనువాదకుడు నిజంగానే కాంట్రాక్టర్లు. వారికి వేరే పని ఉన్నది, కాదనే శక్తి ఉన్నది. కొందరికి దినభత్యం మన లెక్చరరు నెలజీతాన్ని ఎగతాళి చేసేంత ఉంటుంది. వారినీ వీఓఏనూ ఒకే గాటకట్టడం వర్గదృష్టి అనిపించుకోదు. కనుక పేరుతో నిమిత్తం లేకుండా మూడు ప్రశ్నలు వేయాలి. ఆ పని ముగిసేదా, ఏటేటా పునరావృతమయ్యేదా? పనివాడు 'వల్లకాదు' అనగలడా? నష్టం వచ్చినరోజున దాన్ని మోసేది ఎవరు? ఏటేటా జరిగే పనిని, కాదనలేని మనిషి, నష్టమంతా తన మీద వేసుకుని చేస్తున్నప్పుడు, దానిని ఏ పేరుతో పిలిచినా అది ఉద్యోగమే. ఉద్యోగికి ఇవ్వవలసింది ఎగవేస్తే దాన్ని ఎగవేత అనే పిలవాలి. దరిద్రుల కోసం ఎగవేసినా సరే.

ఈ ప్రశ్నలు మనల్నీ వదలవు. ప్రజల కోసం నడిచే పత్రికలో అచ్చుపని చేసేవాడికి, ఉద్యమ కార్యాలయంలో టీ కాచేవాడికి 'ఆశయం' చూపించి కూలి తగ్గిస్తే, మనం చేసేది కూడా ఇదే. గంటల లెక్కన పాఠం చెప్పే అతిథి అధ్యాపకుడి పక్క గదిలోనే కూర్చుని శ్రమ విలువ సిద్ధాంతం బోధించడం చాలా కళాశాలల్లో నిత్యం జరుగుతున్నది.

మన విద్యార్థుల్లో చాలామంది రేపు ఈ సంస్థల్లోనే పనిచేస్తారు. వారిని 'విదేశీ డబ్బు మనుషులు' అని ఈసడించి ఊరుకోవడం తేలిక. అట్లా చేస్తే వారిని ఒంటరిగా ఉంచడంలో మనమూ ఆ ఒప్పందానికి తోడ్పడినవారమవుతాం. విడగొట్టి రాసిన ఒప్పందానికి విరుగుడు తిరిగి ముఠా కట్టడమే. ఒకరి రేటు ఒకరికి చెప్పుకోవడం దానికి మొదటి మెట్టు. యజమాని పేరు బయటపెట్టించడం రెండో మెట్టు. వీఓఏలు పెద్ద చదువుల సహాయం లేకుండానే ఈ రెండు మెట్లూ ఎక్కారు. చదువుకున్న కాంట్రాక్టరు వారి పక్కన నిలబడటం నేర్చుకోవలసి ఉన్నది.