తోడు వెళ్ళాలా? ఆగాలా?

జూన్, జులై నెలలు వచ్చాయంటే ఇంటర్ పూర్తి చేసిన పిల్లలున్న ఇళ్ళలో రెండు లెక్కలు నడుస్తాయి. మొదటిది ర్యాంకు లెక్క. జోసా కౌన్సెలింగ్‌లో ఏ విడతకు ఎక్కడ సీటు వస్తుందోనన్న ఆత్రం. సీటు ఖరారయ్యాక రెండో లెక్క మొదలవుతుంది. అమ్మాయికి గువాహటి ఐఐటీలో వచ్చింది. విజయవాడ నుంచి ఎలా వెళ్ళాలి? రైలయితే దారిలోనే రెండు రాత్రులు గడుస్తాయి. విమానమైతే ఎక్కడ మారాలి? దింపడానికి ఇద్దరమూ వెళ్దామా, ఒకరు చాలా? దసరాకు పిల్ల రాగలదా? డిసెంబరు సెలవులకు ఒక్కతే వస్తుందా, మనం వెళ్ళి తీసుకురావాలా?

పైకి ఇవన్నీ టికెట్ల ప్రశ్నలే. అడుగున ఉన్నది ఒక్కటే ప్రశ్న: బిడ్డకు ఎంతవరకు తోడు వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి? ఈ ప్రశ్నను వాల్మీకి మహర్షి బాలకాండలో ఒక తండ్రి ముందు ఉంచాడు. ఆ తండ్రి చక్రవర్తి. అయినా అందరు తండ్రుల్లాగే తల్లడిల్లాడు.

విశ్వామిత్రుడు అయోధ్యకు వచ్చి, తన యజ్ఞరక్షణకు పది రాత్రులపాటు రాముణ్ణి పంపమని అడిగాడు. దశరథుడు ఆ మాట వినగానే మూర్ఛపోయాడు. తేరుకున్నాక ఆయన చెప్పిన కారణాలు ఈనాటి తల్లిదండ్రులకు కొత్తవి కావు. పిల్లవాడికి ఇంకా పదహారేళ్ళు నిండలేదన్నాడు. యుద్ధవిద్య ఇంకా పూర్తి కాలేదన్నాడు. వాణ్ణి విడిచి ముహూర్తకాలమైనా బతకలేనన్నాడు. వృద్ధాప్యంలో ఎంతో కష్టపడి కన్న కొడుకన్నాడు. చివరికి అసలు మాట బయటపెట్టాడు. అక్షౌహిణి సైన్యాన్ని వెంటబెట్టుకుని నేనే వస్తాను, పిల్లవాణ్ణి మాత్రం అడగవద్దు అన్నాడు. తప్పదంటే రాముడితోపాటు సేననూ తననూ తీసుకువెళ్ళమన్నాడు.

ఆ మాటలో ఉన్నది ప్రేమే. దాన్ని తప్పు పట్టవలసిన పని లేదు. కానీ ఆ ప్రేమకు దారి చూపవలసి వచ్చింది. చూపినవాడు వసిష్ఠుడు. విశ్వామిత్రుడు తన పని తాను చేసుకోలేక రాలేదనీ, నీ కొడుకు మేలు కోరే అడుగుతున్నాడనీ రాజుకు నచ్చజెప్పాడు. దశరథుడి మనసు కుదుటపడింది. తల్లీ తండ్రీ మంగళాశీస్సులు పలికారు, పురోహితుడు స్వస్తి చెప్పాడు. తండ్రి కొడుకు శిరస్సు మూర్కొని, సంతోషించిన మనసుతో రాముణ్ణి మునికి అప్పగించాడు. సైన్యం కదలలేదు, రథం కదలలేదు. ముని ముందు నడిచాడు, ఆయన వెనక రాముడు, అతని వెనక విల్లు పట్టిన లక్ష్మణుడు.

ఆ తర్వాత జరిగింది తల్లిదండ్రులు మరీ శ్రద్ధగా చదవాలి. యోజనన్నర దూరం నడిచి సరయూ దక్షిణతీరం చేరాక విశ్వామిత్రుడు రాముడికి బల, అతిబల అనే విద్యలు ఉపదేశించాడు. అలసట, జ్వరం, ఆకలిదప్పులు అంటకుండా కాపాడే విద్యలవి. ఆ రాత్రి అలవాటు లేని గడ్డిపరుపు మీద రాజకుమారులు పడుకున్నారు. గురువు చల్లని మాటలతో ఆ రాత్రి వారికి సుఖంగానే గడిచిందంటాడు వాల్మీకి. అయోధ్యలో ఎందరు పరిచారకులున్నా బల, అతిబల అక్కడ దొరకలేదు. ఇల్లు దాటాకే దొరికాయి. తండ్రి సేనతో వెంట వచ్చి ఉంటే ఆ రాత్రి పట్టుపరుపులు వేసేవారు. ఆకలిని ఓర్చే విద్య అవసరమని అక్కడ ఎవరికీ తోచేది కాదు.

హాస్టల్ మంచం, మెస్ కూడు, జ్వరం వచ్చినా తానే లేచి మందు తెచ్చుకోవలసిన రోజు ఇవన్నీ మన పిల్లలకు బల, అతిబల నేర్పే గురువులు. వారిని మన పిల్లలకు దూరం చేసే హక్కు మనకు లేదు.

అలాగని చేతులు దులుపుకొమ్మని శాస్త్రం ఎక్కడా చెప్పలేదు. వనవాసానికి బయలుదేరిన రాముడికి కౌసల్య చేసిన స్వస్త్యయనం చూడండి. దేవతలను, దిక్కులను, పర్వతాలను, సముద్రాలను, ఋతువులను, పగటినీ రాత్రినీ పేరుపేరునా పిలిచి నా బిడ్డను కాపాడండని వేడుకుంది. అగ్నిలో హోమం చేయించింది. విశల్యకరణి అనే ఓషధిని రక్షగా కట్టింది. కన్నీళ్ళతోనే అయినా ఒక్క పనీ మరవలేదు. తల్లి ప్రార్థన ఏర్పాటుతో కలిసే ఉంటుందని ఆ సన్నివేశం చెబుతోంది. దేవుడి మీద భారం వేయడం అంటే మన వంతు పని మానేయడం కాదు. మన వంతు పూర్తిగా చేశాక ఆందోళనను ఆయన పాదాల దగ్గర వదిలేయడం. కర్మయోగంగా గీత బోధించింది ఇదే.

మరి ఈ కాలంలో మన వంతు ఏమిటి? మొదటి ప్రయాణానికి వ్యవధి దొరకదు. సీటు ఖరారుకూ, చేరవలసిన తేదీకీ మధ్య ఉండేది కొన్ని వారాలే. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబర్ 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. దూరపు రైళ్ళలో సీట్లు అప్పటికే నిండిపోయి ఉంటాయి. అందుకే మొదటిసారి తత్కాల్ తప్పకపోవచ్చు. ప్రయాణానికి ముందురోజు ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు అది తెరుచుకుంటుంది. రెండో ప్రయాణం నుంచి ఆ హడావుడి అక్కర్లేదు. కాలేజీ విద్యా క్యాలెండర్ చేతికి రాగానే సెమిస్టర్ పరీక్షలు ముగిసే రోజు తెలుస్తుంది. ప్రయాణం పెట్టుకునే రోజు నుంచి 60 రోజులు వెనక్కి లెక్కపెట్టి, ఆ ఉదయం 8 గంటలకు సిద్ధంగా కూర్చుంటే చాలు. ఆఖరి పరీక్ష సాయంత్రమే రైలు పెట్టుకోకుండా ఒక రోజు వదలాలి.

ఋతువులను కూడా కౌసల్య వేడుకుందని చెప్పుకున్నాం. మనం ఋతువులను గమనించాలి. వానాకాలంలో బ్రహ్మపుత్ర లోయలో వరదలు. దసరా రోజుల్లో, కార్తిక మాసంలో బంగాళాఖాతం తుపాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు రైళ్ళూ విమానాలూ ఆగిపోయాయి. డిసెంబరు, జనవరిల్లో ఉత్తరాది పొగమంచుకు బళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. బండి అర్ధరాత్రి చేరేలా ఉంటే తెల్లవారేదాకా స్టేషన్ వెయిటింగ్ హాల్లోనే ఉండమని ముందే చెప్పాలి. రైల్లో ఇబ్బంది వస్తే 139కు ఫోన్ చేయాలని నేర్పాలి. డబ్బు రెండుచోట్ల పెట్టుకోవాలి. ఆ ఊళ్ళో చదువుతున్న మన సీనియర్ల నంబర్లు కాగితం మీద కూడా రాసివ్వాలి. ఇవన్నీ ఈనాటి రక్షలు. పులిహోర పొట్లం, ఆవకాయ సీసా, కందిపొడి సర్దుతూ అమ్మ చేసేదీ రక్షే.

వర్జ్యం, రాహుకాలం చూసే ఇళ్ళలో ఒక ఇబ్బంది ఎదురవుతుంది. బండి మన పంచాంగం చూసి కదలదు. దానికి కలత పడవద్దు. మంచి ఘడియలో దేవుడి ముందు దీపం పెట్టి, పెద్దల కాళ్ళకు దండం పెట్టించి, అక్షతలు వేయండి. ఆ ఆశీర్వాదం బండి బయలుదేరే వేళ కూడా పిల్లల వెంటే ఉంటుంది.

దూరం అనుకుంటున్న చోటు నిజంగా మనకు పరాయిదేనా అని కూడా ఆలోచించాలి. గువాహటిలో బ్రహ్మపుత్ర దక్షిణ ఒడ్డున నీలాచలం మీద కామాఖ్య అమ్మవారు కొలువై ఉంది. 1994లో ఏర్పడిన ఐఐటీ ఉత్తర ఒడ్డున ఉంది. సంధ్యవేళ మన ఇళ్ళలో చదువుకునే అష్టాదశ శక్తిపీఠాల స్తోత్రంలో ఆ తల్లి పేరుంది. అదే స్తోత్రంలో మన శ్రీశైలం, అలంపురం, పిఠాపురం, ద్రాక్షారామం ఉన్నాయి. రోజూ ఒకే ఊపిరిలో తలచుకునే తల్లుల్లో ఒకరి దగ్గర నుంచి మరొకరి దగ్గరికి పంపుతున్నాం. విజయవాడ, రాజమహేంద్రవరం, విశాఖ మీదుగా గువాహటి చేరే వివేక్ ఎక్స్‌ప్రెస్ కన్యాకుమారినీ డిబ్రూగఢ్‌నూ కలుపుతుంది. వివేకానందుడి 150వ జయంతిని పురస్కరించుకుని పెట్టిన పేరది. ఈ దేశమంతా కాలినడకనా రైళ్ళలోనూ తిరిగిన సన్యాసి పేరున్న బండిలో మన బిడ్డ వెళుతోందంటే, అది ఒక యాత్రే.

జనవరిలో మరో బాధ ఉంటుంది. సెలవులు ముగిసి తరగతులు మొదలయ్యాక సంక్రాంతి వస్తుంది. ముగ్గుల ముందు పిల్ల లేదని అమ్మ మనసు వెలితిపడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే అస్సాంలో మాఘ బిహు జరుగుతుంది. మనం భోగిమంట వేసుకునే రోజుల్లోనే వారు మేజి అనే మంట వేసి అగ్నికి మొక్కుతారు. ఆ మంట దగ్గరికి వెళ్ళి దండం పెట్టుకో అని ఫోన్‌లో చెప్పండి. పండగకు పిల్ల దూరమైనా పండగ పిల్లకు దూరం కాదు.

ఇక తిరుగు ప్రయాణం. కఠోపనిషత్తులో నచికేతుడు యముడి ఇంటి వాకిట మూడు రాత్రులు ఉపవాసం ఉండి మూడు వరాలు పొందాడు. ఆత్మవిద్యను మూడో వరంగా అడిగాడు. మొదటి వరంగా అడిగింది తండ్రి గురించి. నేను తిరిగి వెళ్ళేసరికి నాన్న మనసు శాంతించాలి, కోపం పోవాలి, నన్ను గుర్తించి ఆదరంగా పలకరించాలి అన్నాడు. మృత్యుదేవత ఎదుట నిలబడ్డ బాలుడు ముందుగా కోరుకున్నది ఇంటి గుమ్మంలో ఒక చల్లని పలకరింపు! సెలవులకు వచ్చే ప్రతి బిడ్డా చెప్పకుండా అడిగే వరం ఇదే. రాగానే జీపీఏ ఎంత, బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయా, ఎదురింటి అబ్బాయికి ఇంటర్న్‌షిప్ వచ్చిందట అని మొదలుపెట్టవద్దు. ముందు అన్నం పెట్టండి. నిద్రపోనివ్వండి. లెక్కలకు మరునాడుంది. ఇంటికి రావాలంటే భయపడే బిడ్డకు ఎన్ని టికెట్లు తీసినా ఏం లాభం?

పది రాత్రులకని వెళ్ళిన రాముడు పది రాత్రులకు తిరిగి రాలేదు. యజ్ఞం ముగిశాక ముని అతణ్ణి మిథిలకు తీసుకువెళ్ళాడు. దారిలో అహల్యకు శాపవిమోచనం, అక్కడ శివధనుర్భంగం, సీతతో కల్యాణం. ఇవేవీ దశరథుడి ఏర్పాట్లలో లేవు. మన లెక్కకు మించిన మేలు బిడ్డల దారిలో ఉండవచ్చు. జనకుడి దూతలు మూడు రాత్రులు ప్రయాణించి అయోధ్యకు వచ్చి ఆహ్వానించారు. దశరథుడు నాలుగు రోజులు ప్రయాణించి మిథిల చేరాడు. ఈసారి సేన ఉంది, పరివారం ఉంది, పురోహితులున్నారు, అడ్డు చెప్పినవారు లేరు. మొదట వస్తానంటే వద్దనిపించుకున్న తండ్రి, తరువాత పిలుపు అందుకుని వెళ్ళాడు. మొదటిసారి ఆగగలిగాడు కాబట్టే రెండోసారి ఆ వైభవం చూశాడు.

తల్లిదండ్రులారా, మొదటిసారి వెంట వెళ్ళండి, గది చూడండి, ఊరు చూడండి, అమ్మవారికి మొక్కండి. రెండోసారి స్టేషన్ దాకా వెళ్ళి బండి ఎక్కించండి. ఆ తర్వాత టికెట్ కూడా వారినే తీసుకోనివ్వండి. పూటకోసారి ఎక్కడున్నావని అడిగే బదులు ఆ సమయంలో ఇష్టదైవాన్ని తలచుకోండి. చేరగానే వచ్చే ఒక్క ఫోన్‌తో తృప్తి పడండి. స్నాతకోత్సవానికి పిల్లలు పిలుస్తారు. అప్పుడు ఇంటిల్లిపాదీ వెళ్ళండి. ఆ ప్రయాణానికి మాత్రం 60 రోజుల ముందే, నిండు మనసుతో, అందరికీ టికెట్లు తీయండి.